అఖ్ల్, ఇఖాల్, ఆఖిలా: మతిచెడినవాని హింసను ముందే ఆపగలమా?

మతి తప్పిన మనిషి చేతిలో ఎవరైనా ప్రాణం పోగొట్టుకున్నప్పుడు ఊళ్ళో రెండు మాటలు వినబడతాయి. ‘ఎప్పుడో ఒకనాడు ఇలా జరుగుతుందని అనుకుంటూనే ఉన్నాం’ అనేది ఒకటి. ‘వాణ్ణి ముందే కట్టిపడేసి ఉంటే ఇంత జరిగేది కాదు’ అనేది రెండవది. మొదటిది ముందుగా తెలుసుకోవడానికి సంబంధించిన మాట, రెండవది ముందుగా ఆపడానికి సంబంధించిన మాట. ఈ రెండూ ఒకటే అన్నట్లు, తెలిస్తేనే ఆపగలమన్నట్లు మాట్లాడడం మనకు అలవాటు. ఈ రెండింటినీ విడదీసి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఫలానా మనిషి ఫలానా రోజున చేయి ఎత్తుతాడని ముందుగా చెప్పగల శాస్త్రం నేటికీ లేదు. కాని ఆ చేయి లేవకుండా చూసే మార్గాలు మాత్రం ఉన్నాయి. ఆ బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు మన ఫిఖ్హ్ శాస్త్రం వెయ్యేళ్ళ క్రిందటే ఒక సమాధానం చెప్పింది.

ఈ ప్రశ్న మన రాయలసీమకు దూరమైనది కాదు. 2021 జనవరిలో మదనపల్లెలో చదువుకున్న ఒక కుటుంబంలోని ఇద్దరు యువతులు సొంత ఇంటిలోనే హత్యకు గురయ్యారు. కేసు నమోదయింది తల్లిదండ్రుల మీదనే. మానసిక చికిత్స అవసరమని వైద్యులు చెప్పగా వారిని రాష్ట్రానికి ఆ చివర ఉన్న విశాఖపట్నం ఆసుపత్రికి పంపారు. ఆ కేసు మంచిచెడ్డలు తేల్చవలసినది న్యాయస్థానం గనుక దాని జోలికి ఇక్కడ పోవడం లేదు. కాని ఆ రోజుల్లో ఊరూరా వినబడిన ప్రశ్న ఒక్కటే: ‘చుట్టుపక్కలవారికి ఎవరికీ తెలియలేదా?’ ఆ ప్రశ్నలో రోగి ప్రస్తావన లేదు. చుట్టుపక్కలవారి ప్రస్తావన ఉన్నది. మన చర్చ కూడా అక్కడికే చేరుతుంది.

ఒకే ధాతువు, మూడు మాటలు

అరబ్బీ నుండి తెలుగులోకి అనువాదం చేసేవారిని ‘ఐన్, ఖాఫ్, లామ్’ అనే మూడక్షరాల ధాతువు ఆగి ఆలోచించేలా చేస్తుంది. దాని నుండి వచ్చిన ‘అఖ్ల్’ అంటే వివేకం. మన ఇళ్ళలో ‘అఖల్’ అని వాడుకునేది ఈ మాటనే. అదే ధాతువు నుండి వచ్చిన ‘ఇఖాల్’ అంటే ఒంటె మోకాలును మడిచి కట్టే త్రాడు. మనిషిని అదుపులో ఉంచేది గనుక వివేకానికి ఆ పేరు వచ్చిందని పూర్వపు నిఘంటుకారులు అంటారు. మూడవది ‘ఆఖిలా’. ఒకని చేతిలో పొరపాటున ఎవరైనా చనిపోతే రక్తపరిహారాన్ని, అనగా దియత్‌ను, అతని తరపున కలిసి చెల్లించే బంధుసమూహం అది. పరిహారంగా తెచ్చిన ఒంటెలను హతుని వాకిట కట్టేవారు గనుక దియత్‌కు కూడా ‘అఖ్ల్’ అనే పేరు ఏర్పడింది.

వివేకం లోపలి త్రాడు, ఇఖాల్ బయటి త్రాడు. ఆఖిలా మనుషులు పేనిన త్రాడు. లోపలి త్రాడు తెగినప్పుడు మిగిలిన రెండింటిలో దేనిని పట్టుకోవాలన్నదే మతిచెడినవాని విషయంలో ముస్లిం సమాజాల ముందు నిలిచిన ప్రశ్న.

ఒంటెను కట్టివేసి అల్లాహ్‌ను నమ్ముకోవాలా, వదిలివేసి నమ్ముకోవాలా అని ఒకతను అడిగినప్పుడు, ముందు కట్టి ఆ తరువాత నమ్ముకోమని దైవప్రవక్త (స) చెప్పినట్లు తిర్మిజీ హదీసు గ్రంథంలో ఉన్నది. ఆ హదీసులోని క్రియాపదం కూడా ఈ ధాతువుదే. ముందుజాగ్రత్త తవక్కుల్‌కు వ్యతిరేకం కాదని మనం దీని నుండి నేర్చుకున్నాము. అయితే మనిషి ఒంటె కాడు. మనిషి విషయంలో కట్టడమంటే ఏమిటో చరిత్రలో వెదకవలసి ఉంటుంది.

కలం ఎత్తివేయబడినవాడు

నిద్రపోయేవాడు మేల్కొనేవరకు, పిల్లవాడు పెద్దవాడయ్యేవరకు, మతి తప్పినవాడు తేరుకునేవరకు ఈ ముగ్గురి మీద కర్మలు వ్రాసే కలం ఎత్తివేయబడి ఉంటుందన్న హదీసు అందరూ విన్నదే. అది ఎంత గంభీరమైన సందర్భంలో ప్రయోగించబడిందో అంతగా ప్రచారంలో లేదు. అబూదావూద్ గ్రంథం ప్రకారం, వ్యభిచార నేరం మీద మతిస్థిమితం లేని ఒక స్త్రీని హజ్రత్ ఉమర్ (రజి) వద్దకు తెచ్చారు. సంప్రదింపుల తరువాత శిక్షకు ఆజ్ఞ అయింది. ఆమెను తీసుకొనిపోతుండగా దారిలో ఎదురైన హజ్రత్ అలీ (రజి) ఆమెను వెనక్కు మళ్ళించి, ఖలీఫాకు ఈ హదీసును గుర్తుచేశారు. ఖలీఫా వెంటనే ఆమెను విడిపించారు.

హత్య విషయంలోనూ ఇదే సూత్రం నిలిచింది. ఇమాం మాలిక్ (రహ్) ముఅత్తాలో ఒక ఉత్తరం సంగతి చెప్పారు. ఒక పిచ్చివాడు మనిషిని చంపాడని, ఏమి చేయమంటారని మర్వాన్ బిన్ హకమ్ హజ్రత్ ముఆవియా (రజి)కు వ్రాశాడు. అతని నుండి ప్రతీకారం తీసుకోవద్దని, పిచ్చివాని మీద ఖిసాస్ లేదని జవాబు వచ్చింది. ఆ జవాబులోని మొదటి మాట మన ధాతువుదే. దానిని ‘అతణ్ణి కట్టి ఉంచు’ అనీ చదవవచ్చు, ‘అతని తరపున రక్తపరిహారం ఇప్పించు’ అనీ చదవవచ్చు. త్రాడా, మనుషులా అన్న ప్రశ్న ఆ ఒక్క మాటలోనే ఇమిడి ఉన్నది.

హనఫీ ఫఖీహులు రెండవ దారి పట్టారు. మతిచెడినవాడు కావాలని చంపినా దానిని పొరపాటుగానే లెక్కించి దియత్‌ను అతని ఆఖిలా మీద వేశారు. ఇందుకు వారు హజ్రత్ అలీ (రజి) తీర్పును ఆధారంగా చూపారు. ఇమాం షాఫిఈ (రహ్) అభిప్రాయం ప్రకారం అది అతని సొంత ఆస్తి నుండి చెల్లాలి. ఏ మార్గంలోనైనా హతుని రక్తం వృథా పోలేదు, మతిలేనివాని మెడ మీదికి కత్తి రాలేదు.

మరొక సూక్ష్మం కూడా గమనించదగినది. పిచ్చివాడు ఆయుధం ఎత్తి మీదికి వస్తే ఆత్మరక్షణలో అతణ్ణి చంపినవానిపై ఖిసాస్ లేదు. అయినా హనఫీ గ్రంథం హిదాయా ప్రకారం అతడు దియత్ ఇచ్చుకోవలసిందే. షాఫిఈ ఫఖీహులు ఇందుకు ఒప్పుకోలేదు. హనఫీల దృష్టిలో దాడి చేస్తున్న క్షణంలో కూడా మతిలేనివాని ప్రాణం విలువ కోల్పోదు.

ఆఖిలా ఎందుకు చెల్లించాలి?

తప్పు చేయనివారి మీద ఈ భారం ఏమిటన్న సందేహం సహజమైనది. ఒకరి భారం మరొకరు మోయరన్నది ఖుర్‌ఆన్ సూత్రం గదా! ఈ ఆక్షేపణకు హిదాయా రచయిత అల్లామా మర్గీనానీ (మరణం 1197) ఇచ్చిన సమాధానం మన విషయానికి ఆయువుపట్టు వంటిది. మనిషి తన వెనుక ఉన్నవారి బలం చూసుకొనే అజాగ్రత్తగా నడుస్తాడు. ఆ బలం అతని ఆఖిలాయే. కనుక అతణ్ణి కనిపెట్టి చూడడంలో లోపం చేసినవారు వారే, భారం వారిదే అని ఆయన తర్కం. ఈ కారణం పొరపాటున చంపిన వారందరికీ చెప్పబడినదే గాని, మతిలేనివాని విషయంలో దాని బరువు మరీ ఎక్కువ. తనను తాను కనిపెట్టుకోలేనివాణ్ణి చుట్టూ ఉన్నవారు గాక మరెవరు కనిపెట్టాలి?

ఇక్కడ ‘వీడు చంపుతాడని ముందే ఎందుకు తెలుసుకోలేదు’ అని ఫఖీహ్ ఆఖిలాను నిలదీయలేదు. ‘ఎందుకు కనిపెట్టి ఉండలేదు’ అని మాత్రమే అడిగాడు. జోస్యం చెప్పమనడం వేరు, చూసుకొమ్మనడం వేరు. మొదటిది ఎవరి శక్తిలోనూ లేదు. రెండవది అందరి శక్తిలోనూ ఉన్నది.

ఆ భారం ఎవరినీ కుంగదీయకుండా పంచబడింది. మూడేళ్ళ వాయిదాలు ఇచ్చారు. హిదాయా సరైనదని తేల్చిన మాట ప్రకారం, ఆ మూడేళ్ళలో కలిపి ఒక్కొక్కరి వంతు మూడు నాలుగు దిర్హములు దాటరాదు. ఆఖిలా అంటే ఎప్పటికీ తెగ అనే అర్థమే ఉండిపోలేదు. హజ్రత్ ఉమర్ (రజి) సైనికుల పేర్లతో దీవాన్ ఏర్పరచినప్పుడు ఆ పట్టికలో కలిసి ఉన్నవారే ఒకరికొకరు ఆఖిలా అయ్యారు. ఎక్కడైతే చేతివృత్తులవారు ఒకరికొకరు అండగా ఉంటారో అక్కడ ఆ వృత్తివారే ఆఖిలా అవుతారని ఫఖీహులు విశదం చేశారు. ఎవరూ లేనివానికి బైతుల్‌మాల్ ఉన్నది. రక్తసంబంధం ఒక్కటే గీటురాయి కాలేదన్నమాట. ఎవరు ఎవరికి నిజంగా అండ అన్నదే చూడబడింది.

మారిస్తాన్‌లో వైద్యమూ, గొలుసూ

ఇంటివారి శక్తి చాలనప్పుడు ముస్లిం సమాజాలు వైద్యశాలను నిర్మించుకున్నాయి. డమాస్కస్‌లో సుల్తాన్ నూరుద్దీన్ 1154లో ప్రారంభించిన బీమారిస్తాన్, కైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284లో కట్టించిన మన్సూరీ ఆసుపత్రి, అలెప్పోలో 1354 నాటి అర్గూన్ మారిస్తాన్, ఎడిర్నేలో రెండవ బాయజీద్ 1488లో పూర్తిచేసిన వైద్యశాల ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణలు. ఇవన్నీ వఖ్ఫ్ ఆదాయంతో నడిచాయి, మతిచెడినవారికి ప్రత్యేక స్థలం కేటాయించాయి. అంతకు ఎంతో ముందే బల్ఖ్‌కు చెందిన అబూ జైద్ (మరణం 934) శరీరానికి వలెనే మనసుకూ రోగాలు వస్తాయని, వాటికీ చికిత్స ఉన్నదని ఒక గ్రంథమే వ్రాశాడు.

ఈ చరిత్రను చెప్పుకొని గర్వించడం మనవారికి అలవాటు. గర్వించదగినదే. కాని చరిత్రను పూర్తిగా చెప్పాలి. 1184లో డమాస్కస్ చూసిన ఇబ్ను జుబైర్ అక్కడి పిచ్చివారికి వైద్యం జరుగుతున్నదనీ, వారు గొలుసులతో కట్టబడి ఉన్నారనీ రెండూ వ్రాశాడు. పదిహేడవ శతాబ్దపు యాత్రికుడు ఎవ్లియా చెలెబీ ఎడిర్నే వైద్యశాలలో రోగులకు సంగీతం వినిపించే పద్ధతిని మెచ్చుకున్నాడు. గొలుసుల సంగతిని కూడా దాచలేదు. ఫెజ్ నగరపు మారిస్తాన్‌లో గుమాస్తాగా పనిచేసిన హసన్ అల్ వజ్జాన్, అనగా యూరప్‌వారు లియో ఆఫ్రికానస్ అని పిలిచిన పండితుడు, అక్కడ దెబ్బలు కూడా ఉండేవని వ్రాశాడు.

అయితే పన్నెండవ శతాబ్దంలో బాగ్దాద్‌ను వర్ణించిన యూదు యాత్రికుడు బెంజమిన్ చెప్పిన ఒక సంగతి మనం గట్టిగా పట్టుకోదగినది. మతి తప్పినవారిని అక్కడి మారిస్తాన్‌లో గొలుసులలో ఉంచేవారట. కాని నెలనెలా ఖలీఫా అధికారులు వచ్చి ఒక్కొక్కరినీ పరీక్షించి, తేరుకున్నవారిని విడిచి ఇళ్ళకు పంపేవారట. గొలుసు ఉన్నది, దానికి గడువూ ఉన్నది. మనిషి మారతాడన్న నమ్మకం ఆ నెలసరి పరీక్ష వెనుక ఉన్నది. ఆ పరీక్ష పోయి గొలుసు మాత్రమే మిగిలిన నాడు మారిస్తాన్ బందిఖానా అయింది.

ముందుగా చెప్పగలమా?

ఇప్పుడు నేటి శాస్త్రం ఏమంటున్నదో చూద్దాం. ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. పదివేల మంది రోగులున్నారనుకోండి. వారిలో పదిమంది ఒక సంవత్సరంలో తీవ్రమైన హింసకు పాల్పడతారని ఊహించుకుందాం. ఆ పదిమందిలో ఎనిమిది మందిని పట్టివ్వగల మంచి పరీక్ష ఒకటి వైద్యుని చేతిలో ఉన్నదనుకుందాం. ఆ పరీక్ష మిగిలినవారిలో ప్రతి పదిమందికి ఇద్దరిని పొరపాటున అనుమానిస్తుంది. అప్పుడు 9,990 మందిలో 1,998 మంది నిర్దోషుల మీద అనుమానం పడుతుంది. మొత్తం 2,006 మందిని బంధిస్తే అందులో నిజంగా ప్రమాదకారులు ఎనిమిది మందే. ఇంకా ఇద్దరు తప్పించుకొని బయటనే ఉంటారు. వైద్యునికి తెలివి చాలక వచ్చే పొరపాటు కాదిది. అరుదైన సంఘటనను ముందుగా పట్టుకోబోయే ప్రతి పరీక్షకూ వచ్చే చిక్కు ఇది.

అనుభవం కూడా ఈ లెక్కనే బలపరిచింది. 1966లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు మూలంగా, ప్రమాదకారులన్న ముద్రతో న్యూయార్క్ రాష్ట్రపు కట్టుదిట్టమైన ఆసుపత్రులలో ఉంచిన 967 మందిని మామూలు ఆసుపత్రులకు మార్చవలసి వచ్చింది. గొప్ప ఉపద్రవం వస్తుందని చాలామంది భయపడ్డారు. తరువాతి నాలుగేళ్ళలో తిరిగి ఆ కట్టుదిట్టమైన చోటికి పంపవలసి వచ్చినవారు నూటికి ముగ్గురు కూడా లేరు. 2011లో ఆస్ట్రేలియాకు చెందిన మాథ్యూ లార్జ్, అతని సహచరులు స్కిజోఫ్రీనియా రోగుల విషయమై ఒక లెక్క కట్టారు. ముక్కూమొహం తెలియని మనిషి హత్య ఒక్కదానిని ఆపడానికి, ప్రమాదకారులన్న ముద్ర పడిన 35,000 మంది రోగులను నిర్బంధించవలసి ఉంటుందని వారు తేల్చారు. ఒక్కని కోసం ముప్పైఅయిదు వేల మందిని బంధించే న్యాయం ఏ షరీఅత్‌లో ఉన్నది?

అలాగని రోగానికీ హింసకూ ఏ సంబంధమూ లేదనడం కూడా సత్యం కాదు. చికిత్స అందని తీవ్రమైన మతిభ్రమణంలో ప్రమాదం కొంత పెరుగుతుంది. ఎవరో తనను చంపజూస్తున్నారన్న భ్రమ, ఆజ్ఞలిచ్చే గొంతుకలు వినబడడం, వీటికి తాగుడు తోడవడం ఆ ప్రమాదాన్ని పెంచుతాయి. 1998లో ప్రచురితమైన అమెరికా పరిశోధన ఒకటి మూడు నగరాలలో ఆసుపత్రి నుండి విడుదలైన వెయ్యిమందికి పైగా రోగులను గమనించింది. మద్యం, మత్తుమందుల అలవాటు లేని రోగులు అదే పేటలో అటువంటి అలవాటు లేని ఇరుగుపొరుగువారి కంటె ఎక్కువ హింసకు పాల్పడలేదని తేలింది. రోగి చేతిలో దెబ్బతినేవారు చాలావరకు ఇంటివారే. అంతకంటె ఎక్కువగా దెబ్బతినేది రోగియే: రాళ్ళు రువ్వే పిల్లల చేతిలో, మోసగించే పెద్దల చేతిలో, చివరకు ఆత్మహత్య రూపంలో తన చేతిలోనే.

ఆపగలమా?

జోస్యం విఫలమైన చోట నివారణ ఫలించడం వింతగా తోస్తుంది. కాని కలరా వచ్చినప్పుడు ఏ ఇంటివాడు చనిపోతాడో చెప్పగలిగి మనం నీళ్ళు శుభ్రం చేయలేదు గదా! అందరి నీళ్ళూ శుభ్రం చేశాము, ఎవరో బ్రతికారు. ఎవరు బ్రతికారో వారికి కూడా తెలియదు.

2010లో నీల్సెన్, లార్జ్ అనే వైద్యులు వివిధ దేశాల పరిశోధనలను కలిపి చూశారు. మతిభ్రమణం మొదటిసారి వచ్చి, ఇంకా చికిత్స మొదలుకాని దశలో దాదాపు 630 మందిలో ఒకరు హత్యకు పాల్పడ్డారు. చికిత్స అందిన తరువాత ఆ సంఖ్య సంవత్సరానికి దాదాపు తొమ్మిది వేల మందిలో ఒకరికి పడిపోయింది. 2014లో స్వీడన్ దేశంలో ఎనభై వేల మందికి పైగా రోగుల రికార్డులు పరిశీలించినప్పుడు, మతిభ్రమణానికి మందులు వాడుతున్న కాలంలో హింసాత్మక నేరాలు నూటికి 45 వంతులు తగ్గినట్లు కనబడింది. అనగా ప్రమాదం ఎక్కువగా ఉన్నది రోగం మొదలైన తొలి నెలలలో, డాక్టరు దగ్గరికి ఇంకా పోని కాలంలో. మన పల్లెల్లో ఆ కాలమంతా దేనికి పోతుంది? దాచడానికి, పరువు గురించి భయపడడానికి, ‘గాలి సోకింది’ అని తాయెత్తులు కట్టించడానికి, పెళ్ళి చేస్తే కుదురుతుందని పెళ్ళి చేయడానికి!

దత్తమండలాల కథ

అనంతపురం ప్రాంతం 1800లో నిజాం నుండి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. థామస్ మన్రో మొదటి ప్రధాన కలెక్టరుగా ఇక్కడికి వచ్చాడు. మదరాసు రాజధానిలోని కంపెనీ కోర్టులలో 1802 నుండి నేరవిచారణకు మూలం ఇస్లామీ న్యాయమే. అందులో కంపెనీ సవరణలు చేసుకుంటూ వచ్చింది. ఖాజీ, ముఫ్తీలు న్యాయాధికారులుగా ఫత్వా ఇచ్చేవారు. చార్లెస్ హామిల్టన్ 1791లో ఇంగ్లీషు చేసిన హిదాయా తెల్లదొరల బల్ల మీద ఉండేది.

1860 నాటి భారత శిక్షాస్మృతి 1862 జనవరి 1 నుండి అమలులోకి రాగా ఆ కాలం ముగిసింది. కొత్త చట్టంలోని 84వ సెక్షను, మతిలేక చేసిన పని నేరం కాదన్నది. 1843లో లండన్‌లో ఒక హత్యకేసు తరువాత అక్కడి న్యాయమూర్తులు ఏర్పరచిన సూత్రం దీనికి మూలం. 2024 జులై 1 నుండి అదే సూత్రం భారతీయ న్యాయసంహిత 22వ సెక్షనుగా కొనసాగుతున్నది. మతిలేనివానికి శిక్ష లేదన్న ఫలితం వరకు పాత న్యాయం, కొత్త న్యాయం ఒకటే. కాని ఆఖిలా మాయమైంది. కనిపెట్టి చూడవలసినవారు ఎవరన్న ప్రశ్న చట్టం నుండి జారిపోయింది. ఆ స్థానంలోకి 1858 నాటి ఉన్మాదుల చట్టాలు, 1912 నాటి చట్టం వచ్చాయి. పిచ్చాసుపత్రి వచ్చింది, దానితో పాటు జైలూ వచ్చింది. ఏ నేరమూ చేయని రోగులను జైళ్ళలో ఉంచడం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పేసరికి 1993 అయింది.

కరువు సీమవానికి ఆ ఆసుపత్రులు కూడా దూరమే. సాలుకు 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వాన, వేరుశనగ మీద ఆధారపడిన బ్రతుకు, ఎండిన బోరు, బెంగుళూరు వలస: వీటి నడుమ రోగిని వెంటబెట్టుకొని మదరాసుకో విశాఖపట్నానికో పోగలిగే కుటుంబాలు ఎన్ని ఉంటాయి?

ఈ చిక్కుకు పరిష్కారం వెదికిన ప్రయోగం మన ప్రక్కనే జరిగింది. 1882లో అనంతపురం జిల్లా విడివడక ముందు మనం బళ్ళారి జిల్లాలోనే ఉండేవాళ్ళం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రాయదుర్గం తాలూకా ఇటు వచ్చింది, బళ్ళారి అటు పోయింది. ఆ బళ్ళారిలోనే 1980వ దశకం మధ్య నుండి బెంగుళూరు నిమ్హాన్స్ వైద్యులు ఒక ప్రయత్నం చేశారు. రోగి పట్నానికి రావడం కాదు, వైద్యమే పల్లెకు పోవాలన్నది వారి సంకల్పం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు మానసిక రోగాలను గుర్తుపట్టడం నేర్పారు. ముఖ్యమైన కొద్దిపాటి మందులను ఆ కేంద్రాలలోనే ఉంచారు. చిక్కైన కేసులకు జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి నియమించారు. 1996లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఈ బళ్ళారి పద్ధతియే నమూనా అయింది.

బళ్ళారి కార్యకర్తకు ఎవరు హత్య చేస్తారో చెప్పే విద్య నేర్పలేదు. ఏ ఇంటిలో మనిషి నిద్రపోవడం లేదో, ఎవరు ఒంటరిగా గొణుగుకుంటున్నారో, ఎవరు మందు మానేశారో కనిపెట్టి ఉండడం నేర్పారు. మర్గీనానీ ఆఖిలా మీద మోపిన బాధ్యతకు ఇది నేటి రూపం. అయితే నమూనా ఉన్నంత మాత్రాన పని ముగియలేదు. 2015–16లో నిమ్హాన్స్ జరిపిన జాతీయ సర్వేలో, రోగాన్ని బట్టి నూటికి 70 నుండి 92 మందికి చికిత్స అందడం లేదని తేలింది.

ఏర్వాడి గుణపాఠం

మనవారు ఆఖిలాను మరచి ఇఖాల్‌ను మాత్రం పట్టుకున్నప్పుడు ఏమి జరుగుతుందో 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడులోని ఏర్వాడిలో తెలిసింది. అక్కడి ప్రసిద్ధ దర్గా పరిసరాలలో మతిచెడినవారిని ఉంచుకునే ప్రైవేటు ఆశ్రమాలు అనేకం వెలిశాయి. అటువంటి ఒక ఆశ్రమంలో పాకకు నిప్పంటుకున్నది. లోపలివారు గొలుసులతో కట్టబడి ఉన్నారు, పారిపోలేకపోయారు. ఆనాడు, ఆ తరువాత కలిపి 28 మంది చనిపోయారు. వారిలో ఎవరు ఎవరిని హింసిస్తారని అన్ని గొలుసులు? ప్రమాదం వారి నుండి రాలేదు, వారి మీదికి వచ్చింది.

సుప్రీంకోర్టు తనంత తానుగా విచారణ చేపట్టింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షను ప్రకారం మానసిక రోగిని ఏ రూపంలోనైనా గొలుసులతో బంధించడం నిషిద్ధం. 2018 మే 29 నుండి ఆ చట్టం అమలులో ఉన్నది. తనకుగాని ఇతరులకుగాని హాని చేసే స్థితిలో ఉన్నవాణ్ణి అతని అంగీకారం లేకుండా ఆసుపత్రిలో చేర్చే మార్గం కూడా ఆ చట్టంలో ఉన్నది. దానికి గడువు ఉన్నది, పునఃపరీక్ష ఉన్నది. బాగ్దాద్ మారిస్తాన్‌లోని నెలసరి పరీక్ష ఇక్కడ పాఠకులకు గుర్తుకు రాకపోదు.

గుజరాత్‌లోని ఉనావాలో హజ్రత్ మీరా దాతార్ దర్గా వద్ద 2008లో ‘దవా, దుఆ’ అనే కార్యక్రమం మొదలైంది. దర్గా సేవకులు వచ్చినవారికి దుఆ చేస్తారు, పక్కనే ఉన్న మానసిక వైద్యుని దగ్గరికీ పంపుతారు. ఏర్వాడిలోనూ తరువాత ఇటువంటి ఏర్పాటు జరిగింది. మన పెనుకొండ బాబయ్య స్వామి దర్గాకు కులమత భేదం లేకుండా జనం వస్తారు. అటువంటి ప్రతి చోటా ఈ ఆలోచన చేయదగినది. దుఆ కోసం వచ్చినవాణ్ణి దవా దగ్గరికి పంపడం వల్ల దర్గా గౌరవం తగ్గదు.

నేటి ఆఖిలా ఎవరు?

ఆఖిలా రూపం కాలంతో మారుతుందని ఫఖీహులే అన్నారు. తెగలు లేవు, దీవాన్ లేదు. నేడు మనిషికి అండ ఎవరు? మస్జిదు జమాఅత్, పక్కింటివారు, ఆశా కార్యకర్త, ఆరోగ్య కేంద్రం డాక్టరు, ఊరి పాఠశాల ఉపాధ్యాయుడు. వీరంతా కలిస్తే ఒక్కొక్కరి వంతు మూడు నాలుగు దిర్హములకు మించదు. మందు మానేశాడని తెలిసినప్పుడు వెళ్ళి పలకరించడం, ఆ ఇంటి ఆడవాళ్ళు ‘భయంగా ఉంది’ అంటే కొట్టిపారేయకపోవడం, ఉద్రేకం ఉన్న రోజులలో గొడ్డలి, కొడవలి, పురుగుమందు డబ్బా దూరంగా పెట్టించడం, తాగుడు మాన్పించడం, జకాత్ నిధి నుండి బస్సు చార్జీ, మందుల ఖర్చు ఇవ్వడం, జిల్లా ఆసుపత్రికి వెంట పోవడం: ఇవన్నీ చిన్నపనులే. ఎవరితో మాట్లాడాలో తెలియనివారికి 2022 నుండి ప్రభుత్వపు ‘టెలి మానస్’ ఫోను 14416 ఉన్నది. నిజంగా చేయి ఎత్తిన నాడు పోలీసులను, వైద్యుణ్ణి పిలవడంలో సిగ్గుపడవలసినది లేదు. ఇంటివారి ప్రాణాలు కూడా అమానతే.

ఈ చిన్నపనులకు మూలం ఖుర్‌ఆన్‌లోనే ఉన్నది. ఆస్తిని నిర్వహించుకోలేని అవివేకులకు దానిని అప్పగించవద్దని చెప్పిన ఆయత్ (అన్నిసా: 5), ఆ ఆస్తి నుండే వారికి తిండి, బట్ట ఇవ్వమని, వారితో మంచి మాట మాట్లాడమని కూడా ఆజ్ఞాపించింది. మంచి మాట అక్కడ దానం కాదు, విధి. ఇమాం ముస్లిం (రహ్) గ్రంథంలో హజ్రత్ అనస్ (రజి) చెప్పిన ఒక సంగతి ఉన్నది. మతిలో ఏదో తేడా ఉన్న ఒక స్త్రీ తనకు పని ఉన్నదని దైవప్రవక్త (స) దగ్గరికి వచ్చింది. ఏ వీధిలో మాట్లాడాలో ఆమెనే ఎంచుకొమ్మని ఆయన గౌరవంగా అన్నారు. ఆ వీధికి వెళ్ళి, ఆమె చెప్పుకోవలసినదంతా ముగిసేవరకు ఆమె వెంట నిలిచారు.

ఆమె వలన ఏదైనా ప్రమాదమున్నదా అన్న లెక్క ఆ సంగతిలో ఎక్కడా లేదు. మతి తప్పినవాని మీద కలం లేదు. అతని చుట్టూ ఉన్న మనమీద మాత్రం ఉన్నది. రేపు ఎవరు ఏమి చేస్తారో అల్లాహ్‌కు మాత్రమే తెలుసు. పక్కింటిలో ఒక మనిషి నెల రోజులుగా నిద్ర లేకుండా ఉన్న సంగతి మాత్రం మనకూ తెలుసు, దానికి మనం జవాబుదారులం.